తనీష్ నడుస్తున్నాడు

2023 నవంబర్ 6, సోమవారం

ఉద్యోగం వచ్చింది. రూమ్మేట్ స్వీటీ సేమ్యా పాయసం చేస్తానని బయల్దేరి అడుగంటించింది. నలుగురం అమ్మాయిలం బేస్‌మెంట్‌లో ఆ మాడు వాసన మధ్యే పండగ చేసుకున్నాం.

ఉద్యోగం పేరు ఫ్యామిలీ సపోర్ట్ ఎయిడ్. గుండె ఆపరేషన్ అయిన పిల్లలు ఇంటికి వెళ్ళాక రోజూ నడవాలి, మెట్లెక్కాలి, బంతి విసరాలి. ఇంట్లోవాళ్ళు అవి చేయిస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం, గుర్తుచేయడం, ఇంగ్లీషులో అర్థం కాకపోతే తెలుగులోనో హిందీలోనో చెప్పడం నా పని. అంతకు మించి కాదు. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపించినదాన్ని. ఇక్కడ లైసెన్స్ లేదు కాబట్టి పిల్లాడి ఒంటిమీద చెయ్యి వేయకూడదు, సలహా ఇవ్వకూడదు. హాస్పిటల్‌లో ఫిజియో హెదర్, నా పైన ఆవిడే. రిమైండ్ అండ్ ఎంకరేజ్, ధరణీ, దట్స్ ఆల్ అని నవ్వుతూనే పదేపదే చెప్పింది. మంచిదే. కానీ ఆ నవ్వుకి కంచె ఉంది.

పిల్లలకి చేతి బ్యాండ్ ఇస్తారు. ఎంత కదిలారో దాన్నిబట్టి మా స్క్రీన్ మీద ఎరుపు, పసుపు, పచ్చ వస్తాయి. పచ్చ వస్తే నేను నా ఫోన్‌లో చప్పట్ల బటన్ నొక్కాలి. అక్కడ పిల్లాడి చేతికి బ్యాండ్ జివ్వుమంటుంది. సెలబ్రేట్ చేయడమట. నాలుగున్నరేళ్ళ చదువు చివరికి ఒక బటన్‌కి వచ్చి ఆగింది.

నవంబర్ 11, శనివారం

హెదర్‌తో కలిసి మొదటి ఇంటికి వెళ్ళాను. తెలుగువాళ్ళే. కోదండరామ్ గారు ఐటీ, అమెరికాలో హెచ్‌వన్ వీసా మీద విసిగిపోయి కెనడాకి, ఈ విన్నిపెగ్‌కి వచ్చారు. భార్య శ్యామల బ్యాంకులో చేస్తుంది. పిల్లాడు తనీష్, ఎనిమిదేళ్ళు. గుండెలో వాల్వు బాగుచేయించడానికి వేసవిలో ఆల్బర్టా రాష్ట్రంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్‌కి సాయంగా ఉంటుందని చీరాల నుంచి నాయనమ్మ జానకమ్మ గారు విజిటర్ వీసా మీద వచ్చింది. స్కూలు నుంచి వచ్చాక పిల్లాడు ఆవిడ దగ్గరే ఉంటాడు కాబట్టి, బ్యాండ్ యాప్‌ని కోదండరామ్ గారు ఆవిడ ఫోన్‌లోనే పెట్టారు.

మేం వెళ్ళేసరికి ఆయన తనీష్‌ని ఎత్తుకుని మెట్లు దింపుతున్నారు. హెదర్ మొహం చూసి, వాడు నిద్రమత్తులో ఉన్నాడని ఇంగ్లీషులో సర్దిచెప్పారు. వాడు ఏం నిద్రలో లేడు. డాడ్ ఆల్వేస్ డజ్ ఇట్ అన్నాడు.

కోసిన రొమ్ము ఎముక అతుక్కుంది, ఇక భయం లేదు, వాణ్ణి అలసిపోనివ్వండి అని హెదర్ చెప్పింది. నేను తెలుగు చేశాను. శ్యామల తలూపి, హెదర్‌కి అర్థం కాకుండా నన్ను తెలుగులో అడిగింది, ఈవిడకి పిల్లలున్నారా అని. ఉన్నారో లేదో నాకు తెలియదు. షీ ఈజ్ హ్యాపీ అని హెదర్‌కి చెప్పాను.

జానకమ్మ గారు మాత్రం బ్యాండ్‌ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. దీన్ని బిడ్డ చేతికి కడితే వాడు తిరిగినంతా ఆసుపత్రోళ్ళకి తెలుస్తుందా అమ్మాయ్ అని అడిగింది. తెలుస్తుంది అన్నాను. కళ్ళకద్దుకుంది.

డిసెంబర్ 3, ఆదివారం

మళ్ళీ ఎరుపు. ఫోన్ చేస్తే కోదండరామ్ గారు ఆల్ గుడ్ అండీ, చలి కదా అన్నారు. ఇంట్లో మెట్లకి కూడా చలేనా అని అడగలేదు. రిమైండ్ చేశాను. ఎంకరేజ్ చేశాను.

డిసెంబర్ 19, మంగళవారం

తనీష్ పచ్చ! వారం నుంచి రోజూ పచ్చే. బస్‌స్టాప్‌లో గ్లవ్ తీసి మరీ చప్పట్ల బటన్ నొక్కాను. వేలు కొయ్యబారింది. అయినా నొక్కాను. ఎన్నాళ్ళకో ఒక పిల్లాణ్ణి నేను నడిపించినట్టే అనిపించింది.

2024 జనవరి 22, సోమవారం

మాలా చదువు కోసం వచ్చేవాళ్ళ స్టూడెంట్ పర్మిట్ల మీద క్యాప్ పెట్టారని, ఇక తక్కువమందినే రానిస్తారని వార్తల్లో వచ్చింది. పొద్దున పూట నేను చేసే కాఫీ షాపులో ఒక పెద్దాయన కప్పు అందుకుంటూ, ఇంక మీవాళ్ళు తగ్గుతారన్నమాట అన్నాడు. తిట్టినట్టు కూడా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. థాంక్యూ, హ్యావ్ ఎ నైస్ డే అన్నాను. ఇళ్ళ అద్దెలకీ మేమే కారణం, హాస్పిటల్ ఎమర్జెన్సీలో క్యూలకీ మేమే కారణం. స్వీటీ అయితే, మనం రాకముందు ఈడ మంచు కూడా పడకపోయేదేమో అంటోంది.

మధ్యాహ్నం హాస్పిటల్‌లో హెదర్ పిలిచి తనీష్ గ్రాఫ్ చూపించింది. ఇంత క్రమం తప్పకుండా పచ్చగా ఉన్న పిల్లాడు ప్రోగ్రాం మొత్తంలో లేడట. టొరంటో కాన్ఫరెన్స్‌కి పోస్టర్ వేస్తున్నారట, అందులో వాడి ఫోటో పెడతారట. కుటుంబం మాట్లాడే భాషలో ఫాలో అప్ ఉంటే ఇలా ఉంటుంది అంది. ఆ భాష నేనే. ఫిజియోలకి ఇక్కడి లైసెన్స్ కోసం బ్రిడ్జింగ్ కోర్సు ఉంటుంది, దానికి రికమెండేషన్ రాస్తానని కూడా అంది.

బస్సులో ఏడ్చాను. సంతోషంతోనే.

ఫిబ్రవరి 17, శనివారం

పోస్టర్ ఫోటో కోసం వెళ్ళాను. మెట్లెక్కుతున్న తనీష్ కావాలని హెదర్ చెప్పింది.

కోదండరామ్ గారు ఇంట్లో లేరు. శ్యామల తలుపు తీసి, వాడికి మంచి చొక్కా వేస్తానంది. వాడు సోఫాలో ఐప్యాడ్‌తో ఉన్నాడు. ఒళ్ళు చేశాడు. కాళ్ళు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. చేతికి బ్యాండ్ లేదు. సరే, మెట్ల దగ్గరికి రమ్మన్నాను. నాలుగు మెట్లెక్కి కూర్చున్నాడు. ఆయాసం. నేను ఫోన్ పక్కన పెట్టి, చేయకూడని పని చేశాను. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. పెదాలు చూశాను. రంగు బాగానే ఉంది, నాడి కాసేపట్లోనే దారికొచ్చింది. వాడి గుండె గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఆ కాళ్ళు నెలల తరబడి పని చేయలేదని చెప్పడానికి లైసెన్స్ అక్కర్లేదు.

బ్యాండ్ ఏదిరా అన్నాను. గ్రాండ్‌మా హ్యాజ్ ఇట్, షీ డజ్ మై వాకింగ్ అన్నాడు, చాలా మామూలుగా.

బేస్‌మెంట్‌లోకి దిగాను. మధ్యలో పీట, పీట మీద ఆంజనేయస్వామి పటం, తమలపాకులు. చుట్టూ జానకమ్మ గారు కొంగు బిగించి, చల్లటి నేల మీద వట్టి కాళ్ళతో ప్రదక్షిణలు చేస్తోంది. గాజుల మధ్యలో బ్యాండ్. నన్ను చూసినా ఆగలేదు. కొంచెం ఉండమని చేత్తో సైగ చేసి, చుట్టు పూర్తి చేసి, దండం పెట్టుకుని అప్పుడు కూర్చుంది.

దాపరికం ఏమీ లేదు ఆవిడలో. వాడికి ఒంట్లో ఓపిక లేదు గదమ్మా, అందుకని వాడి బదులు నేను మొక్కుకున్నా అంది. చీరాలలో ఎవరికన్నా జబ్బు చేస్తే వాళ్ళ చొక్కాయో తువ్వాలో భుజాన వేసుకుని గుడి చుట్టూ తిరుగుతారు, వాళ్ళు తిరిగినట్టే లెక్క. వాడి వస్తువు నా ఒంటిమీద ఉంటే వాడు తిరిగినట్టే గదా, ఆసుపత్రోళ్ళు ఇచ్చిన వస్తువు కాబట్టి ఇంకా మంచిది అంది. అరికాళ్ళు పగిలి ఉన్నాయి. ఆ పగుళ్ళలో పసుపు పెట్టుకుంది.

తర్వాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. అప్పుడప్పుడు తిరుగుతుంటే బ్యాండ్ జివ్వుమంటుందట. స్వామి విన్నానని చెప్పడమేనట. మొదటిసారి జివ్వుమన్నప్పుడు కూర్చుని ఏడ్చేసిందట.

అది నేను. బస్‌స్టాప్‌లో గ్లవ్ తీసి నొక్కింది నేను.

శ్యామల మెట్ల మీద నిలబడి అంతా వింది. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. మొహం తిప్పుకుని, రొమ్ము కోసి కుట్టిన బిడ్డని పరిగెత్తించడానికి నాకు మనసొప్పదు ధరణీ అంది.

ఫోటో తీయలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

కోదండరామ్ గారు ఫోన్ చేశారు. ఆయనకీ తెలుసు. పచ్చ వస్తోంది కదా అని ఊరుకున్నారట. మీరు మన అమ్మాయి కాబట్టి చెప్తున్నా, ఇది హెదర్ దాకా వెళ్తే నెగ్లెక్ట్ అంటారు, చైల్డ్ సర్వీసెస్ వాళ్ళు ఇంటికొస్తారు, పిల్లాణ్ణి తీసుకుపోయినా దిక్కులేదు, ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి పెట్టిన మా పీఆర్ ఫైల్ ఇంకా నడుస్తోంది అన్నారు. ఇకనుంచి నేనే దగ్గరుండి నడిపిస్తా, అమ్మ మీద ఒట్టు అన్నారు. మీరూ రేపు పీఆర్ కోసం పీఎన్‌పీకి అప్లై చేసేవారే కదా, మనకి మనం కాకపోతే ఎవరున్నారు అని కూడా అన్నారు.

అది బతిమాలడమో బెదిరించడమో ఇప్పటికీ తెలియడం లేదు. భయమేసింది. పిల్లాడి కోసం అని రాసుకుంటే బాగుంటుంది. కానీ ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చేయాలి? నా కోసమే. పోస్టర్ కోసం, రికమెండేషన్ కోసం. ఫోటో బాగా రాలేదని హెదర్‌కి మెసేజ్ పెట్టాను. నో వర్రీస్ అంది.

ఫిబ్రవరి 26, సోమవారం

పచ్చ. ఎవరి పచ్చో అడగలేదు. చప్పట్లు కొట్టలేదు.

మార్చి 5, మంగళవారం

ఇవాళ తనీష్‌కి ఎక్సర్‌సైజ్ టెస్ట్. శ్యామల తెలుగులో వినాలంటోందని హెదర్ నన్ను గదిలోకి పిలిచింది.

ఛాతీకి వైర్లు, మొహానికి మాస్క్ పెట్టి సైకిల్ ఎక్కించారు. పెడల్ బిగువు పెంచడం మొదలుపెట్టగానే ఆపేశాడు. కాళ్ళు లాగుతున్నాయని ఏడ్చాడు. డాక్టర్ వాణ్ణి బుజ్జగించి, బ్యాండ్ గ్రాఫ్ తెరిచాడు. ఇన్ని నెలలు ఇంత బాగా నడిచిన పిల్లాడు ఇంతకన్నా ఎంతో మెరుగ్గా ఉండాలి, లేడంటే లోపం కాళ్ళలో ఉండదు, బాగుచేసిన వాల్వే మళ్ళీ బిగుసుకుంటోందేమో అన్నాడు. ఎకో స్కాన్‌లో స్పష్టంగా తేలడం లేదట. మళ్ళీ ఆల్బర్టా పంపిస్తారట. మత్తిచ్చి, తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెదాకా సన్నటి గొట్టం పంపి చూస్తారట. వచ్చే వారమే.

ఆయన చెప్పింది న్యాయమే. తన ముందు ఉన్నదాన్ని బట్టి చెప్పాడు. ఆ ముందు ఉన్నదే అబద్ధం. దాన్ని ఒక్కో మాటా నేను తెలుగు చేశాను. బాగా నడిచాడు కాబట్టి అని నా నోటితోనే అన్నాను. శ్యామల నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను, కోదండరామ్ గారు నేల చూశారు. గదిలో పిల్లాడు కాక ముగ్గురు తెలుగువాళ్ళం, ముగ్గురికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు.

తనీష్ నన్ను అడిగాడు, విల్ ఇట్ హర్ట్ అని.

మార్చి 6, బుధవారం

వాళ్ళింటికి వెళ్ళాను. హెదర్‌కి నిజం మీరే చెప్పండి, రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను, తర్వాత నేను చెప్తాను అన్నాను. కోదండరామ్ గారు ముందు బతిమాలారు, తర్వాత కోప్పడ్డారు. ఆఖరికి అన్న మాట వింటే ఒళ్ళు మండిపోయింది. ఆ పరీక్ష చేయిస్తే పోయేదేముందండీ, ఎలాగూ ఇక్కడ ఫ్రీయే, లోపల ఎలా ఉందో కూడా తేలిపోతుంది అన్నారు.

మీ అమ్మ గారికి పడే ఒక తిట్టు తప్పించడానికి మీ కొడుకు తొడ కోయిస్తారా అన్నాను. అలా అనకూడదు. అన్నాను. శ్యామల స్టవ్ కట్టేసి బెడ్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పిల్లాడికి ఇంకో పరీక్ష ఉందని జానకమ్మ గారికి చెప్పారు. ఎందుకో చెప్పలేదు. కింద ఆవిడ అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది, ఇంకా వేగంగా.

మార్చి 7, గురువారం

మధ్యాహ్నం దాకా చూశాను. వాళ్ళు చెప్పలేదు. హెదర్ గదిలోకి వెళ్ళి తలుపు మూసి చెప్పేశాను.

ఆవిడ అరవలేదు. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆల్బర్టా ప్రయాణం ఆపారు. ముందు సరిగ్గా ఎక్సర్‌సైజ్ చేయించి, తర్వాత మళ్ళీ టెస్ట్ పెడతారట. పిల్లాడు గట్టెక్కాడు.

అప్పుడు అడిగింది, నీకు ఎప్పటినుంచి తెలుసు అని.

చెప్పాను. నాడి చూసిన సంగతి కూడా చెప్పాను. హెదర్ తనీష్ ఫైల్ మూసి పక్కన పెట్టింది. మొదటి రోజే చెప్పి ఉంటే నీ పక్కన నిలబడేదాన్ని ధరణీ అంది. ఆ కుటుంబాన్ని ఏం చేస్తారని అడిగాను. ఏం చేయడమేంటి, భయపడ్డవాళ్ళకి సాయం చేస్తాం, దానికేగా మేమున్నది అంది. చైల్డ్ సర్వీసెస్ ఊసే లేదు. ఇన్నాళ్ళూ మేమందరం లేని పులికి భయపడి పిల్లాణ్ణి ఎత్తుకు తిరిగాం.

మార్చి 15, శుక్రవారం

నన్ను హాస్పిటల్‌కి పంపే ఏజెన్సీ నుంచి ఈమెయిల్. ఇక రానవసరం లేదు. పోస్టర్ వేస్తున్నారట, తనీష్ లేకుండా. రికమెండేషన్ గురించి నేను అడగలేదు, హెదర్ ఎత్తలేదు.

మార్చి 24, ఆదివారం

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా పేరు లేకుండా నా గురించే రాస్తున్నారు. స్టూడెంట్లని ఇళ్ళలోకి రానిస్తే ఇంతే, కడుపులో పెట్టుకుంటే కొంపలు కూల్చారు అని. స్వీటీ జవాబు రాస్తానంటే వద్దన్నాను. రాసింది. దాన్ని గ్రూపులోంచి తీసేశారు.

ఏప్రిల్ 12, శుక్రవారం

తెలియని నంబర్ నుంచి ఫోన్. ఎయిర్‌పోర్ట్ నుంచి జానకమ్మ గారు. పొడిగించిన వీసా గడువు కూడా అయిపోయిందట, చీరాల వెళ్ళిపోతోందట. చెప్పకుండా పోతే బాగుండదని కోడల్ని నంబర్ అడిగి చేసిందట.

ఆవిడకి ఏమీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. పరీక్ష తప్పిపోయిందమ్మాయ్, ఆ గొట్టమేదో వెయ్యక్కర్లేదన్నారంట, చూశావా స్వామి దయ, నా కాళ్ళు ఊరికే పోలేదు అంది. ఉద్యోగం పోయింది నాది. పేరు ఆంజనేయస్వామికి వచ్చింది. ఫోన్ చెవికి పెట్టుకుని నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అమ్మా, మీ చుట్ల వల్లే వాడికి ఆ గండం వచ్చింది అని గట్టిగా అరవాలనిపించింది. పగిలిన ఆ కాళ్ళు గుర్తొచ్చాయి. అవునమ్మా, స్వామి దయే అన్నాను.

వాడికి కొత్త బ్యాండ్ ఇచ్చారట. పాతది పోయిందని కొడుకు ఆసుపత్రిలో చెప్పాడట. పోలేదమ్మాయ్, నా చేతికే ఉంది, మొక్కు ఇంకా మిగిలుంది గదా, మా ఊరి గుళ్ళో సాయంత్రం పూట తీర్చేస్తా అంది. నీ గొంతు మాత్రం నీరసంగా ఉంది, వేళకి తింటున్నావా అని అడిగింది. ఆ ఇంట్లో నా గురించి ఏదైనా అడిగింది ఆవిడొక్కతే.

ఏప్రిల్ 28, ఆదివారం

గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో వాళ్ళు కనిపించారు. మంచు కరిగి ఎక్కడ చూసినా బురదే. కోదండరామ్ గారు డిక్కీలో బియ్యం బస్తా పెడుతున్నారు. తనీష్ ఖాళీ కార్ట్‌ని తోసుకుంటూ అవతలి చివర పెట్టి రావడానికి బయల్దేరాడు. మొదట నడిచాడు. తర్వాత పరిగెత్తాడు. పెద్ద పరుగేం కాదు, ఆయాసపడుతూ, కాళ్ళు అడ్డదిడ్డంగా వేస్తూ. శ్యామల నెమ్మది నాన్నా, పడతావ్ అని అరిచింది. వాడు ఆగలేదు. ఆవిడ కూడా వెంటపడలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడి చూసింది.

తిరిగొస్తూ వాడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. కోదండరామ్ గారు ఎవరా అని చూసి, వాడి భుజం మీద చెయ్యి వేసి కారు వైపు తిప్పారు.

నేను ఊపిన చెయ్యి ఎవరూ చూడలేదు.

మే 14, మంగళవారం. ఉదయం ఏడున్నర

కాఫీ షాపులో బ్రేక్. ఎందుకో ఫోన్‌లో యాప్ తెరిచాను. నా లాగిన్ ఎవరూ తీసేయలేదు. వాడి పాత బ్యాండ్ అకౌంట్ కూడా ఎవరూ మూయలేదు.

తనీష్ నడుస్తున్నాడు. ఇప్పుడే, ఈ నిమిషంలో. స్కూలు బస్సు వేళ ఇంకా కాలేదు, వాడు పక్క దిగి ఉండడు. చీరాలలో సాయంత్రం ఆరు.

పచ్చ వచ్చేదాకా ఆగి, చప్పట్లు నొక్కాను.